రవ్వలు చదవడం

విల్యూయ్ నది గడ్డకట్టిన పదోరోజున
మా పెదనాన్న న్యుర్గున్ కొలిమి గడపలో
లారీ కమాను పట్టీ ఒకటి పడేశాడు స్తెపాన్.
"పాతికేళ్ళు మంచుదారిలో తిరిగింది.
ఒక్కసారీ విరగలేదు" అన్నాడు,
పెళ్ళికొడుకు గుణం చెబుతున్నట్టు.

పెదనాన్న ఔననలేదు, కాదనలేదు.
సానచక్రం తిప్పమన్నాడు నన్ను.

రవ్వలు చదవడం నాకొచ్చు అనుకునేదాన్ని.
మేకు ఇనుము పొడుగ్గా, ఎర్రగా జారిపోతుంది
ఏమీ చెప్పకుండా.
తుప్పు పట్టని ఉక్కు ముభావం,
నాలుగు రవ్వలు విసిరి ఊరుకుంటుంది.
ఆకురాయి అలా కాదు.
రాయికి తగలగానే కొమ్మ, కొమ్మకు కొమ్మ,
చివర చివరా పువ్వు.
కమాను పట్టీకి కాడలెక్కువ, పువ్వులు తక్కువ.

"కెస్కిల్ కత్తికి ఇది" అన్నాడు పెదనాన్న.
నాకు పందొమ్మిదేళ్ళు. పువ్వుల పిచ్చి.
ఆయన చేపల వలకు వెళ్ళిన పూట
గూట్లోంచి పాత ఆకురాయి తీశాను.
పళ్ళన్నీ అరగదీశాను.
కుడిపక్క గాడి, ఎడమపక్క ఉబ్బు,
మావాళ్ళ కత్తి ఎలా ఉండాలో అలాగే.
అయస్కాంతం వదిలేసే ఎరుపు దాటించి కాచి
గుర్రపు కొవ్వులో ముంచాను.
తర్వాత మెల్లగా వేడి చేసి లొంగదీయాలి,
పలచటి టీ రంగు దాటి చిక్కటి టీ దాకా.
నేను పలచటి దగ్గరే ఆపేశాను.
ముంజేతి నూగు తాకకముందే తెగుతోంది,
ఆ వాదరను తగ్గించడానికి చెయ్యి రాలేదు.

జనవరి. సున్నాకి యాభైరెండు డిగ్రీల కింద.
వదిలిన ఊపిరి చెవి పక్కన గరగరమనే చలి.
కెస్కిల్ వచ్చాడు. తొడుగు విప్పాడు.
దాగలి మీద రెండు ముక్కలు పెట్టాడు,
అంచుకి అంచు ఆనించి.

గుర్రం కాలికి మంచులో బిగిసిన తాడు.
కోస్తుంటే గుర్రం తన్నింది. అంతే.

"గుర్రం?" అన్నాడు పెదనాన్న.
"బతికింది. తాడు పళ్ళతో కొరికాను."
అతని కింది పెదవికి చర్మం లేదు.
తిట్టలేదు. టీ తాగాడు.
ఆ ఒక్క కప్పు ఎంతసేపు తాగాడో!

రాత్రి దీపం దగ్గర విరుగు చూశాను.
తెల్లగా, ఉప్పు పలుకుల్లా, మెరుస్తూ.
"ఎక్కువ కాచావు, తక్కువ లొంగదీశావు" అన్నాడు పెదనాన్న.
"ఊరందరికీ మొక్కవోని కత్తే కావాలి.
అది దేన్ని కోస్తుందని అడుగుతారు.
దాన్ని ఏది తంతుందో అడగరు."
ఆపైన పడుకున్నాడు. గురక కూడా పెట్టాడు.

ఇప్పుడు నేనే అడుగుతాను, పిడికి చెక్క తీసేముందు.
సర్గిలానా చలికాలమంతా గడ్డకట్టిన చేపను
పల్చటి పొరలుగా చెక్కుతుంది,
ఆమెకు బేరింగు ఉక్కు, కాగితమంత అంచు.
యాకుత్స్క్ ఇంజనీరు ఖరీదైన పొడిఉక్కు పలక తెచ్చి
గొప్పగా బల్ల మీద పెడితే, ఎప్పుడు వాడతారన్నాను.
"జూలైలో. పడవ మీద."
అయితే మీదే మంచిదన్నాను. ఆశ్చర్యపోయాడు.

కెస్కిల్‌కు కమాను పట్టీ కొట్టిచ్చాను, ఆ ఫిబ్రవరిలోనే.
బెర్రీ మరకంత ఊదా వచ్చేదాకా లొంగదీసి.
తలుపు సందులో మొన దూర్చి వంచాడు.
వదిలాడు. తిన్నగా వచ్చింది.
ఇంకోసారి వంచాడు, నా మొహం చూస్తూ.
"తుప్పు పడుతుంది" అన్నాను, "చేప కొవ్వు రాయి."
"నాకూ పడుతుంది" అని ఒరలో పెట్టుకున్నాడు.

విరిగినదాంట్లో పొడుగు ముక్కను
తక్కువ వేడి మీద మళ్ళీ కాచి చెంచాలు చెక్కే కత్తి చేశాను.
పొయ్యి పక్కనే ఉంటుంది. ఇంతవరకూ విరగలేదు.
దాన్నెవరూ తన్నలేదు లెండి.