సప్పుడు

బొబ్బిలి రైలు గేటు దాటి ఎడమకి,
పాత తలుపొకటి బల్లగా వేసుకుని
దాని మీద మేకులు కొట్టి
తవిటయ్య సైకిళ్లు కడతాడు.
అమ్మడు. కడతాడు.

మొదటిరోజు నా ఎత్తు అడగలేదు.
"ఏ దారంట ఎల్తారమ్మా?" అన్నాడు.
పారాది వంతెన, ఆపైన ఎర్రమట్టి, రెండు గెడ్డలు.
"బరువేటి?"
టీకాల పెట్టె. ఐసుతో ఏడు కిలోలు.
"దిగీటప్పుడు ఏ కాలు ముందు?"
నాకే తెలీదు.
తన సైకిలు ఎక్కించి దించి, ఎక్కించి దించి
కుడికాలని రాసుకున్నాడు.

నాలుగడుగుల తొమ్మిదంగుళాల మనిషిని.
అన్న సైకిలు, ఆఫీసువాళ్ల సైకిలు
అన్నీ నాకన్నా పొడుగాటి ఎవరికోసమో పుట్టినవే.
జాకెట్టు తప్ప
నా కొలతకి ఎవరూ ఏదీ చెయ్యలేదు.
ఆయన తాడుతో చెయ్యి కొలిచాడు,
గుప్పిట కొలిచాడు, బ్రేకు మీదికి వేళ్లందాలి కదా.
నడుం నొప్పి ఎక్కడో అడిగి
ఆ మాటా రాశాడు.

పని చూడాలనిపించి ఓ ఆదివారం వెళ్లాను.
ఆకురాయితో గొట్టం చివర ఒంపు తీస్తున్నాడు.
ఈ గొట్టం ఆ గొట్టాన్ని
సందు లేకుండా నోట పట్టాలట.
బాలింతలకి నేను చెప్పే మాటే:
నోరు సరిగా పట్టకపోతే పాలన్నీ బయటికే.
వెలిగారం చల్లి మంట పెట్టాడు.
ఇనుము జేగురురంగుకి వచ్చాక
ఇత్తడి కడ్డీ అలా తాకించాడో లేదో
కరిగి, తనంతట తనే సందులోకి పాకింది.
"మనం పొయ్యకూడదమ్మా. అదే పీల్చుకోవాల."

వెనక కొక్కెం నుంచి ముందు మెడ చుట్టూ తిప్పి
మళ్లీ వెనక్కి దారం కట్టి
ఒక కన్ను మూసి చూశాడు.
బియ్యపు గింజంత తేడా.
ఆ గింజ కోసం
మధ్యాహ్నం అన్నం మానేశాడు.

చీరతో ఎక్కడానికి కిందికి వంచిన కమ్మీ,
ఆకుపచ్చ రంగు,
పెట్టె కదలకుండా వెనక మూడు కొక్కేలు.
గెడ్డల దాకా నేను తొక్కినట్టే లేదు.

ఎనిమిదో నెల
తొక్కినప్పుడల్లా కుడివైపు టిక్కు.
నా బరువే పెరిగిందేమో,
నేనే ఎక్కడో పడేశానేమోనని
సిగ్గుపడుతూ తీసుకెళ్లాను.
చక్రాలూడదీసి, వేలి ఉంగరంతో
ఒక్కో గొట్టం మీదా తట్టి విన్నాడు.
వాళ్ల తాత పనసదుంగల్ని ఇలాగే విని
వీణలకి ఏరేవాడట.
ఒకచోట ఆగాడు.
కోసి చూపించాడు:
లోపల చిటికెనవేలి గోరంత ఖాళీ.
పైకేమో నున్నగా.
"మీ తప్పు కాదు. నాదే."
కొలతల పుస్తకం తీశాడు. నా పేజీ.
ఆ తేదీ ఎదర: జొరం. అయినా కూకున్నాను.
దాని కింద ఇప్పుడు రాశాడు:
కూకోకూడదు.

వారంపాటు తన సైకిలిచ్చాడు.
సీటు నా రొమ్ముదాకా వచ్చింది.
ఎక్కలేక, పెట్టె కట్టి
ఆవుని తోలుకెళ్లినట్టు తోలుకెళ్లాను.
నా సైకిలు తెచ్చుకున్నరోజు డబ్బులిస్తే
చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.
రంగే కలవలేదు.
ఆ ఆకుపచ్చ ఇప్పుడు రావట్లేదంట,
మొత్తం మళ్లీ ఏసేస్తానన్నాడు.
వద్దు, టీకా మచ్చలా ఉండనీ అన్నాను.

ఆ ఆదివారం ఫోను.
పేరు చెప్పడు, బాగున్నారా అనడు.
"సప్పుడు?"
"లేదు."
పెట్టేశాడు.
పై ఆదివారం మళ్లీ.
గెడ్డ పొంగి
సైకిల్ని భుజాన వేసుకుని దాటిన ఆదివారం కూడా.

ఈ నెల రాలేదు.
పారాది వంతెన మీద
కుడికాలు దించి
నేనే చేశాను.
"సప్పుడు లేదు తవిటయ్యా."
అవతల మాట లేదు.
ఆకురాయి గీకుతున్న చప్పుడు
ఆగి,
మళ్లీ మొదలైంది.