ఊదా లైనింగు

దేవరకొండ బస్టాండు ఎనక, మా షట్టర్ల,
దారపుండ అడ్డం పెట్టి
రిత్విక ఫోను నా మిషను మీద నిలబెట్టింది.
బొమ్మల సినిమా. పెద్దమ్మా, నువ్వూ చూడవే.

నేను కథ చూడలే.
ముప్పై ఏండ్ల సంది జాకెట్లు కుడుతున్నదాన్ని,
నాకు ముందు భుజం కనబడ్తది, తర్వాతనే మొఖం.

రాజకుమారికి ఒక్కటే గౌను, నీలిది.
అడివిల తిరిగినా, వాగు దాటినా
అంచుకు బురదంటలే.
దానికేం, లోకమే దాని కొలతకు కుట్టి ఉన్నది.

ఆ దొంగ రాణి అట్ల కాదు.
కోటల ఉన్నన్నాళ్లు చెవుల దాక లేచిన నల్ల కాలరు,
లోపట గట్టి కాన్వాసు లేకుంటే అట్ల నిలవది.
కోట పోయింది. తెల్లారి పాలమ్ముతున్నది,
చేతులు మోచేతుల దాక మడిచి, కొంగు నడుముకు చెక్కి.
మల్ల దవాఖాన నర్సు.
మల్ల పన్నులు వసూలు చేసే సర్దారు, మీసంతోని.
మల్ల దిక్కులేని ముసలామె,
దాని ఏడ్పుకు రిత్విక గూడ ముక్కు ఎగబీల్చింది.

ఆపు, ఎనక్కి జరుపు, అన్న.
పాలామె కట్టిన ఊదా కొంగు చూసినవా?
అది నల్ల అంగీ లైనింగే, తిరగేసింది.
సర్దారు తలపాగ విప్పితే ముసలామె ముసుగు.
ఆ కాలరు కాన్వాసే నర్సు టోపీ అయ్యింది.
ఒక్క పేలిక పారెయ్యలే.
దాసీలు లేరు, దీపం లేదు,
ఏ రాత్రి కూసొని కత్తిరించిందో
ఆ సీను మాత్రం తియ్యలే.

చెడ్డదే గద పెద్దమ్మా?
చెడ్డదే. పసిపిల్లల నిద్ర ఎత్కపోయినదాన్ని
మంచిదంటనా?

ఊరికే బయటికి చూసిన.
మా బోర్డు మీద ఇప్పుడు 'మగ్గం వర్క్' అని ఉన్నది.
దాని కింద 'ఫాల్, పీకో',
ఇంకా కిందికి 'స్కూల్ యూనిఫాం',
ఎండ కొట్టినప్పుడు అన్నీ మెల్లగ పైకి తేల్తయి.
రెడీమేడ్ షాపులొచ్చిన ఏడు పెట్టికోట్లు కుట్టిన,
కరోనల మాస్కులు,
ఎలక్షన్లప్పుడు ఇద్దరికీ జెండాలు.
ఎవరు గెలిచిరో యాదికి లేదు.
పైసలు మాత్రం ఒక్కలే ఇచ్చిండ్రు.

ఆఖర్న రాజకుమారి
రాణి చేతి అంచు కాడ వేలాడే పోగు పట్టి గుంజింది.
సర్రున అంతా ఊడిపోయింది,
సభంతా నవ్వింది.
నాకు కోపమొచ్చింది.
గన్ని బట్టలు తిరగేసిన చెయ్యి
ముడెయ్యకుండ పోగు ఇడుస్తదా?
గీసినోనికి సూది పట్టరాదు, అంతే.

రిత్వికకు బడిల వేషాల పోటీ, శుక్రవారం.
నీలి గౌనే కావాల్నట.
గోడకు ఆనిచ్చి కొలత తీసుకున్న,
రెండేండ్లు పెరిగినా సరిపోయేటట్టు
పక్కలకు గుడ్డ మడిచి వదిలిన.
లోపట ఊదా లైనింగు వేస్త.
దానికి చెప్పను.