గాటు

మిరపయార్డులో అందరం దగ్గుతాం.
బస్తా మూతి విప్పితే చాలు, తేజ కాయ ఘాటు
ముక్కులోంచి మెదడు దాకా పాకుద్ది.
గుమస్తా దగ్గుతాడు, హమాలీ దగ్గుతాడు,
బేరానికొచ్చిన సేటు జేబురుమాలు అడ్డం పెట్టుకుని దగ్గుతాడు.
మేం మాత్రం
సువార్తమ్మ దగ్గు ఒక్కటే లెక్కపెట్టాం.

ఎవరు చెప్పారో తెలీదు.
పెద్దాసుపత్రిలో ఫలానా గది ముందు
లైన్లో నిలబడి ఉంటే చూశామని
ఏటుకూరు రోడ్డు ఆటోలో ఎవరో అన్నారు.
చూసినవాళ్లకి ఆ గది ముందు ఏం పనో
ఎవరూ అడగలా.
ఎవరి వల్ల, ఎప్పుడు, ఎట్లా...
అదంతా తొడిమలు తీస్తా తీస్తా
తలా కాస్తా మేమే అల్లుకున్నాం.

మర్నాడు
కుండ దగ్గరున్న తొమ్మిది స్టీలు గ్లాసుల్లో ఒకదాని మీద
మేకుతో గాటు పెట్టాను.
ఎవరో కాదు, నేనే.
చిన్న గాటు. తొడిమంత.
ఆమె చూసింది. ఏమీ అనలా.
ఆ రోజు నుంచీ తనే ఆ గ్లాసు వెతుక్కుని తాగేది,
మాకు చెప్పే శ్రమ లేకుండా.

ఓసారి ఆస్పత్రి నుంచి ఒక పిల్ల వచ్చింది.
బొమ్మల పుస్తకం తిప్పుతా
గ్లాసు వల్ల రాదమ్మా, పక్కన కూర్చుంటే రాదు,
దోమ కుడితే రాదు, చెమట తగిలితే రాదు,
రోజూ మాత్ర వేసుకుంటే
మీలాగే ముసలైపోయి మనవళ్లని తిడతారు అంది.
కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వాం. తలలూపాం.
ఆ పిల్లకి టీ ఇప్పించాం కూడా.
ఆమె వెళ్లింది. గాటు గ్లాసు దాని చోట అదుంది.
చెవి దాకా వచ్చిన మాట
చేతి దాకా రావడానికి ఎంత దూరమో.

యార్డుకి సెలవులివ్వడానికి వారం ముందు, కర్తరి ఎండలో,
కళ్లు బైర్లు కమ్మి కాయల కుప్ప మీదే పడ్డాను.
నాలుక పిడచకట్టింది.
రెప్పల సందులోంచి
కుండ వైపు పరిగెత్తే పాదాలు కనపడ్డాయి,
కారం పట్టి ఎర్రగా, పారాణి పెట్టినట్టు.
ముంచింది. నాలుగడుగులు వచ్చింది.
ఆగింది.
చేతిలో గ్లాసు వంక చూసుకుంది.
వెనక్కి తిరిగి, నీళ్లు ఒలకబోసి,
వేరే గ్లాసు కోసం వెతికింది.

మిగతావి కడగడానికి కుళాయి కాడికి పోయి ఉన్నాయి.
ఎంతసేపు?
నిమిషం అయుంటుందేమో.
ఆ నిమిషం నాకింకా అయిపోలా.
పోయే ప్రాణం ముందు కూడా
నేను పెట్టిన గాటుని
నాకంటే భద్రంగా కాపాడింది ఆ మనిషి.

కూలి డబ్బులు పంచాక అందర్నీ పోనిచ్చాను.
బూడిదేసి తోమాను. ఇసకేసి తోమాను.
స్టీలు మీద గీత పోదు.
అప్పుడు మేకు తీసుకుని
మిగతా ఎనిమిదింటి మీదా పెట్టాను
అదే చోట, అంతే పొడుగు.
చెయ్యి వణికి ఒకటి వంకరపోయింది.

పొద్దున సువార్తమ్మ కుండ దగ్గర చాలాసేపు నిలబడింది.
ఒక్కో గ్లాసూ ఎత్తి, వెలుతురుకి తిప్పి,
"మంచి గ్లాసులన్నీ పాడు చేశావు గదే నాంచారీ" అంది.
ఏదో చెప్పాలని నోరు తెరిచా. దగ్గొచ్చింది.
ఘాటు, అన్నాను.
అవును, ఘాటే, అంది.

మాత్రల డబ్బాలో మాత్రం ఇంకా దూది కుక్కుతూనే ఉంది,
షేరాటోలో గలగలమనకుండా.
తియ్యమని నేననను.
నెలకోసారి తోడెళ్తా. సంచి నా ఒళ్లో పెట్టుకుంటా.
శంకర్ విలాస్ దగ్గర ఆటో గుంటలో పడి
దూది దాటి ఒక్క మాత్ర కదిలితే
ఇద్దరం బయటికి చూస్తాం.
ఒక్కోసారి ముందు ఆమే నవ్వుద్ది.