నాలుగో సంచి

మిర్చి ట్రాలీ నర్సంపేట రోడ్డు మలుపుల బోర్లపడ్డదట.
పన్నెండు కాకముందే
రెండు స్ట్రెచర్లు ఎంజీఎం ర్యాంపు ఎక్కినయి.
బ్లడ్ బ్యాంకుల నా దగ్గరికి మనుషులు రారు.
రెండు ట్యూబులు వచ్చినయి, ప్లాస్టరు మీద పేర్లతో:
బానోతు జమ్లి, ఇరవై తొమ్మిది.
బానోతు హర్యా, ఇరవై ఏడు.

తెల్ల పలక మీద చుక్క పక్కన చుక్క.
పుల్లతో కలిపి, వంచి చూస్తే
ఇద్దరిదీ ఒక్క తీరుగనే గింజ కట్టింది.
బి పాజిటివ్. అక్కాతమ్ముళ్లు.
మిర్చి ఘాటు ట్యూబులకు కూడ అంటిందేమో,
రెండుసార్లు తుమ్మిన.

చెరి మూడు సంచులు పంపిన.
పోయిన నెత్తురు ఇద్దరిదీ ఇంచుమించు సమానమే అన్నరు.
జమ్లి నాడి దారికొచ్చింది.
హర్యాది, నిండినంక కూడ రాలే.
బావిల నీళ్లున్నయి, కరెంటున్నది,
మోటరు ఎత్తుకుంటలేదు.

నాలుగు గంటలకు నాలుగో సంచి కోసం తానే వచ్చింది
మట్టెవాడ పిల్ల, డాక్టర్ నిఖత్.
క్రాస్ మ్యాచ్ అయ్యేదాక స్టూలు మీద కూసోని
నా ఫ్లాస్కుల చాయ్ తాగుకుంట చెప్పింది:
ఎలుకలల్ల చూసిండ్రు అక్కా.
గాయం చేసి, నెత్తురు తీసి, మళ్ల నింపి.
ఈస్ట్రోజెన్ నిండుగున్న దినాలల్ల ఆడ ఎలుకల గుండెలు నిలబడ్డయి.
అండాశయం తీసేస్తే నిలబడలే.
మగ ఎలుకలకు అదే ఇంత సూదిల ఇస్తే
వాటి గుండెలు కూడ తేరుకున్నయి.

మరి హర్యాకు ఇయ్యరాదా అన్న.
మనుషులల్ల ఇంక తేలలే అన్నది,
గ్లాసు అడుగున చాయ్‌పత్తా చూసుకుంట.

కేస్ షీట్ల ఒక గడి ఉంటది, ఆడోళ్లకే.
ఆఖరి ముట్టు ఎప్పుడని.
తండా పెద్దమనిషిని అడిగితే చెప్పులు చూసుకున్నడట.
మాస్కు కింద జమ్లి
పది వేళ్లు చూపింది, మళ్ల రెండు.
పన్నెండో దినం.
ఎలుకల లెక్క మనిషికి పెడితే
పున్నమికి రెండు రోజుల ముందటి చంద్రుడు.
అందుకే బతికిందా?
నిఖత్ అవునన్లే, కాదన్లే.

పొద్దున వార్డు అంతా అంటది నాకెరుకే,
ఆడదాని పానం గట్టిదని, అమ్మవారి అంశ అని.
అనకుండ్రి.
గట్టిదని చెప్పే కదా
మిర్చి బస్తాల మీద కూసోబెట్టి రాత్రిపూట తోలుకొచ్చింది.
అది మహిమ కాదు. రక్తంల తిరిగే ఇంత మందు.
కొన్నేండ్లు ఉంటది, ఎక్కుతది దిగుతది,
చెప్పకుండ పోతది.

నాకు యాభై మూడు.
నా గడిల మూడేండ్ల సంది అడ్డగీత.
లిఫ్టు చెడిపోయిన దినం రెండో అంతస్తు ఎక్కి
గోడ పట్టుకొని నిలబడితే
లోపట ఎవరో డ్యూటీ దిగి పోయినట్టు ఉంటది.
నెలకు మూడు దినాలు వాకిట్ల చాప మీద పండినదాన్ని.
ఆ నెల నెలా తిరిగే దానికి గుండె కాడ
కావలి పని కూడ ఉందని
ఒక్కరన్న చెప్పలే.

ఐదుంబావుకు ఫోన్ మోగింది.
నాలుగో సంచి వద్దు.

వాపస్ వచ్చేసరికి నలభై నిమిషాలు.
అరగంట దాటితే మళ్ల ఫ్రిజ్ ఎక్కదు, అది రూలు.
రిజిస్టర్ల "వాడలేదు" అని రాసిన.
కలం ఆగి ఆగి రాసింది.

దిగిపోయేటప్పుడు వార్డు ముంగటికెళ్లి పోయిన.
జమ్లి కండ్లు తెరిచే ఉన్నయి.
మాస్కు జరిపి లంబాడీల ఏదో అడుగుతాంది,
నాకు రాని భాషల,
పక్క బెడ్డు దిక్కు చూసుకుంట.
అక్కడ కొత్త దుప్పటి పరుస్తున్నరు.
మానిటర్ల ఆమె గుండె
తొంభై రెండు, తొంభై ఆరు, నూట పది.