ఎడమకు

చెంగల్రాయ మామ రేణిగుంట కేబిన్లో ముప్పైరెండేళ్ళు
రెండు రైళ్ళను ఒకే పట్టా మీద కలవనీకుండా కాచినాడు.
అందుకు ఆయన దగ్గర ఒక ఇనుప గుండు ఉండేది,
బత్తాయంత, అరచేతిలో చల్లగా.
గుండు ఎవరి చేతిలో ఉంటే దారి వాళ్ళది.
"అది అందందే బండి కదలకూడదు పాపా,
దేవుడే డ్రైవరైనా సరే" అనేవాడు,
ఆర్పిన బీడీ చెవి మీద దోపుకుంటూ.

నాకు గుండు లేదు.
గొంతు ఉంది, అంతే.
గాజు గదిలో కూర్చుని దాన్నే
ఒకరి తర్వాత ఒకరికి అందిస్తుంటాను:
నువ్వు దిగు. నువ్వాగు. ఇంక నువ్వు పో.
వచ్చేవాళ్ళు జుట్టుతో వస్తారు,
పోయేవాళ్ళు నున్నటి తలలతో, ఆరిన గంధంతో,
ఒళ్ళో లడ్డూ సంచి, సంచికి నెయ్యి మరక.
ఇద్దరికీ ఒకటే రన్‌వే.

శుక్రవారం, పొద్దు గూకే వేళ.
తూర్పు నుంచి ఏటీఆర్ ఒకటి దిగి వస్తోంది.
రన్‌వే మొదట్లో ఎయిర్‌బస్, ముక్కు పడమటికి.
రెంటి మధ్యా ఖాళీ ఉంది. నేనే చూశాను, నేనే కొలిచాను.
పుత్తూరు బస్సులో ముగ్గురి సీటు మీద
నాలుగోవాడికి జరిగి చోటిచ్చినట్టు
ఆ ఖాళీ ఎయిర్‌బస్‌కు ఇచ్చేశాను.

అతను కదల్లేదు.
లోపల ఎవరో బెల్టు విప్పి లేచారేమో,
పైలట్ ఏ మీటనో మళ్ళీ చూసుకున్నాడేమో.
పది సెకండ్లు. పదిహేను.
ఇరవైకి ఇంజిన్ల అరుపు మారింది.
అప్పటికే తూర్పున ఒక్క చుక్కగా ఉన్న వెలుగు
విడిపోయి రెండు దీపాలైంది.

పరుగందుకున్నవాణ్ణి ఆపితే అక్కడే ఉంటాడు.
వచ్చేవాణ్ణి దిగమంటే వాడి వీపు మీదికే.
"గో అరౌండ్" అన్నాను.

దిగాల్సింది పైకి లేచింది.
పోవాల్సిందీ లేచింది.
రెండూ ఎక్కుతున్నాయి, ఒకే గాలిలో, ఒకే దిక్కుకు.
పైవాడికి కిందివాడు కనబడడు,
కిందివాడికి పైవాడు ఉన్నాడనే తెలియదు.
మా ఊళ్ళో ఈ మాటకు ఇంకో అర్థం ఉంది,
అప్పుడది గుర్తురాలేదు.

కుడిన కొండలు. ఎదురుగా ఎయిర్‌బస్ దారి, దాని కింద దీపాలు పెట్టుకుంటున్న ఊరు.
మిగిలింది ఎడమ.
ఎడమచేత్తో చిల్లర కూడా ఇవ్వని ఊరు మాది.
నడిచేవాళ్ళూ పొర్లేవాళ్ళూ అందరూ
స్వామిని కుడిపక్కన ఉంచుకునే తిరిగే చోట
అరవైమూడు ప్రాణాలను నేను
"లెఫ్ట్" అన్నాను.
"వెంటనే" అన్నాను.

ఒక గుక్క ఊపిరి. వదిలానో లేదో తెలియదు.
తర్వాత రెండు దీపాలూ
పొలం పంచుకున్న అన్నదమ్ముల్లా
ఒకదాని ముఖం ఒకటి చూడకుండా పోయాయి.

పదకొండు నిమిషాలకు ఏటీఆర్ దిగింది.
టీ తెచ్చిన ఏకాంబరం నవ్వుతా చెప్పినాడు:
"దిగినోళ్ళది ఒకటే సంబరం మేడమ్.
యిమానం ఇంకో సుట్టు తిరిగినాదంట,
కొండ రెండుసార్లు కనబడినాదంట.
ఒకామె నేలకు మొక్కతా ఉండాది."

గ్లాసు రెండు చేతులా పట్టుకున్నాను.
అయినా అంచు పళ్ళకు తగిలి మోగింది.

రిజిస్టర్లో రాశాను, సమయం, ఎత్తు, దూరం.
కారణం అన్న గడిలో
ఖాళీ సరిపోలేదు, అని రాసి
కొట్టేసి
ఖాళీ సరిపోతుందనుకున్నాను, అని రాశాను.

రాత్రి డ్యూటీ దిగి స్కూటీ మీద వస్తుంటే
రైల్వే గేటు పడి ఉంది.
గూడ్సు పోతోంది, పెట్టె వెనక పెట్టె,
ఎవరి తొందరా దానికి పట్టకుండా.
చూసుకుంటే నా కుడిచెయ్యి
గుప్పిట బిగించి ఉంది,
చల్లటిదేదో అందులో ఉన్నట్టు,
ఇంకా ఎవరికీ ఇవ్వనట్టు.