గ్రిప్పు విప్పితే

ఎగ్మోరు స్టేడియం వెనక గోడకి
నా కొట్టు ఆనుకుని ఉందో
నా కొట్టుకే ఆ గోడ ఆనుకుందో
ఇరవై రెండేళ్లుగా తేలలేదు.
ఉన్నది ఒక్క బెంచీ. కూర్చునేది నలుగురు.
మాటలు మాత్రం పదకొండుమందివి.

ఇవాళ వాదన ఓబులేసు మీద.
ధర్మవరం కుర్రాడు. పందొమ్మిది నిండలేదు.
బెంగళూరువాళ్లు వీణ్ణి మనకిచ్చి
మన పెనాల్టీ కార్నర్ల పెద్దదిక్కుని పట్టుకుపోయారు.

"పాడావుని ఇచ్చి పెయ్యదూడని తోలుకొచ్చారయ్యా!"
దేవసహాయం మొదలెట్టాడు.
పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీకి ఒకప్పటి గోలీ,
మోకాళ్లు రెండూ అక్కడే వదిలేసి వచ్చాడు.
"పెయ్యే రేపు పాడావు" అంది పరిమళ టీచరు.
"మరి రేపటిదాకా కాఫీలోకి పాలెవరు పోస్తారమ్మా?"

మునిరత్నం నోటుబుక్కు తీశాడు.
తీశాడంటే ఇక పూనకమే.
"పదకొండు మ్యాచులు. రెండు గోల్స్.
అందులో ఒకటి ఎవడి కాలికో తగిలి దూరింది.
సర్కిల్లో బంతి పోగొట్టుకున్నది పందొమ్మిదిసార్లు,
వయసుకొక్కటి చొప్పున."

"బంతి ఉన్నప్పుడు అందరూ చూస్తారు,
లేనప్పుడు వాడి కాళ్లు చూశారా?" టీచరమ్మ లేచి నిలబడింది,
ఏడో తరగతికి చెప్పినట్టు
చాక్‌పీసు లేని చేత్తో గాల్లో గీత గీసింది.
"ఇటు పరిగెత్తుతాడు, ఇద్దరు వీడి వెంట పడతారు,
అటు తలుపు తెరుచుకుంటుంది.
తలుపు తెరిచినవాడి పేరు
నీ పుస్తకంలో ఏ గళ్లో రాస్తావు మునిరత్నం?"

గడి లేదు. ఒప్పుకోడు. టీ చెప్పాడు.

బషీరుకి లెక్కలు రావు.
సెంట్రల్ స్టేషన్నుంచి వాణ్ణి తన ఆటోలో తెచ్చాడు,
అదొక్కటే అతని సాక్ష్యం.
"కిట్టుబ్యాగు పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకున్నాడు.
సముద్రం దగ్గరేనా అన్నా, అన్నాడు.
మీటరు వెయ్యను, చూపిస్తా పదమన్నాను.
ప్రాక్టీసుందన్నాడు."
"అయితే?" అన్నాడు దేవసహాయం.
"అయితే ఏముంది, అంతే."

"ఫార్వర్డంటే గోలీకి భయం పుట్టాలి.
వీణ్ణి చూస్తే నాకు పుట్టలేదు" తేల్చేశాడు పెద్దాయన.

నేను నోరు మెదపలేదు.
వాడి స్టిక్కు పొద్దుట్నుంచీ నా ఒళ్లోనే ఉంది.
గ్రిప్పు విప్పితే కింద బెంగళూరు నీలం,
అది విప్పితే కింద సైకిల్ ట్యూబు ముక్క, ధర్మవరం.
చెమట వాసన మూడూళ్లదీ ఒకటే.
తిప్పి చూస్తే
ఎడమ అంచున గోరంత వెడల్పు రంగు లేదు,
నల్లటి నార బయటపడి ఉంది.
రివర్స్ దెబ్బ. వందలు కాదు, వేలు.

మ్యాచులో ఒక్కటి కొట్టగా చూసినవాళ్లు లేరు.
"అక్కడ రివర్స్ కొడితే బెంచీమీద కూర్చోబెట్టేవాళ్లన్నా."
"మరి ఇక్కడ?"
"ఇంకా అడగలేదు."

అరుగుదల అబద్ధమాడదు.
అరిగిందంతా ఆరితేరిందనీ కాదు.
నా చేతిలో ఇలా అరిగినవి చాలా పడ్డాయి,
కొన్నిటి తాలూకు వాళ్లు ఇప్పుడు బ్యాంకుల్లో టోకెన్లిస్తున్నారు.
అందుకే చెప్పలేదు.

సాయంత్రం వాడే వచ్చాడు.
బెంచీ గప్‌చిప్.
మునిరత్నం నోటుబుక్కు మీద కూర్చున్నాడు.
బషీరు జరిగి చోటిచ్చాడు, వాడు కూర్చోలేదు.
కొత్త గ్రిప్పు పట్టి చూశాడు, మణికట్టు మెలేశాడు,
ఉత్త గాలిని ఒక్కటి కొట్టాడు, రివర్సు.

చీర చింపిన చప్పుడు.

దేవసహాయం ఎడమ మోకాలు
ఆయన్ని అడక్కుండానే వంగింది.
ఎవరూ చూడలేదు. నేను చూశాను.
ఆయన టీగ్లాసు కోసమే వంగినట్టు
ఖాళీ గ్లాసు తీసుకుని కాసేపు తాగాడు.

నూట ఇరవై అన్నాను. వాడు నూరిచ్చి
ఇరవై రేపన్నాడు.

తెల్లారి మళ్లీ
పాడావు దగ్గర్నుంచే మొదలైంది.