కుడివైపు ఆల్ట్

నరీన్ దాటాక ఇంకా గంటన్నర దారి.
జనవరి. బొగ్గు పొయ్యి రాజేసే కాపలా ముసలాయన
ముందు కంప్యూటర్ల గదినే వెచ్చబెడతాడు,
పిల్లల గదులు తర్వాత.
"పిల్లలు కదులుతుంటారు కదా, గడ్డకట్టరు" అంటాడు.

పదహారు కంప్యూటర్లు. పదకొండు పలుకుతాయి.
పాత పరదా చింపి కుట్టిన ముసుగులు వాటికి,
పసుప్పచ్చ పూలవి.
తాళంచెవి బురుల్ ఎజె మెడలో, ఉన్ని శాలువా కింద.
ఆవిడ భూగోళం టీచరు.
జిల్లాలో పది రోజుల శిక్షణకి వెళ్లొచ్చిన పాపానికి
ఈ గది ఆవిడ నెత్తిన పడింది.

బోర్డు మీద సుద్దతో మొదటి సూత్రం:
నేను చెప్పని మీట ముట్టుకోవద్దు.
రెండో సూత్రం లేదు.
మొదటిదానితోనే ఆర్నెల్లు గడిచాయి.

ఆ రోజు పాఠం, మీ పేరు రాయండి.

వెనక వరసలో ఒక చూపుడువేలు
గాల్లోనే ఆగిపోయింది,
గద్ద నీడ చూసిన కోడిపిల్లలా.
"ఎజె, నా మొదటి అక్షరం లేదు."

నిజమే, లేదు.
మీటల మీద ఉన్నవన్నీ రష్యన్ అక్షరాలు.
వాడి పేరుకి మొదటి అచ్చు
సున్నా నడుముకి అడ్డంగా ఒక గీత.
నేనూ ఇక్కడ దాన్ని రాయలేను.
పెదవులు 'ఒ'కి చుట్టి, నాలుకని 'ఎ' దగ్గరే ఉంచి
పలకాలి. మన గుణింతంలో
దానికి ఎవరూ గది కట్టలేదు.
ఒముర్‌జాక్ అని రాస్తున్నా, తప్పని తెలిసే.

"గీత వదిలేసి రాయరా" అంది ఎజె.
"పాస్‌పోర్టులో నా ఇంటిపేరూ అలాగే ఉంది.
ఏం, బతకడం లేదా?"

వాడు రాయలేదు.
ఇద్దరు అన్నలు పోయాక పుట్టినవాడికి
నిండు నూరేళ్లు అని అర్థం వచ్చేలా పెట్టిన పేరది.
గీత తీస్తే
నూరేళ్లూ పోయి చప్పుడు మిగుల్తుంది.

పక్క కుర్చీలో అసిల్‌కాన్.
గుర్రం గిట్టలో ఇరుక్కున్న రాయిని
గుర్రానికి తెలియకుండా తీసే పిల్ల.
సూత్రం వైపు ఒకసారి, ఎజె వీపు వైపు ఒకసారి చూసి
చెప్పని మీటలన్నీ వరసగా నొక్కడం మొదలెట్టింది.
అక్షరాలు ఉబ్బాయి. తెర పక్కకి ఒరిగి పడుకుంది.
ఎక్కడో గంట మోగింది.
తెర అడుగున, మూలన
భాష పేరు చెప్పే రెండు బుల్లి అక్షరాలు మారాయి.
కుడివైపు ఆల్ట్‌ని బొటనవేలితో అదిమిపట్టి
ఇంకో వేలితో సున్నాలాంటి ఆ 'ఒ' మీట నొక్కితే

వచ్చింది.
నడుంకట్టు బిగించుకుని మరీ వచ్చింది.

"దీని కింద దాక్కుంది ఎజె!"

"విరగ్గొట్టావా?"
మొదట అడిగింది అదే.
తర్వాత కళ్లద్దాలు తుడుచుకుని
ఒముర్‌జాక్‌ని లేపి వాడి కుర్చీలో కూర్చుంది.
పిల్లల కుర్చీ, మోకాళ్లు బల్లకి తగిలాయి.
"మళ్లీ నొక్కు. నెమ్మదిగా. నాకు కనపడాలి."

గది మొత్తం ఆల్ట్ నొక్కుతుండగా
కరెంటు పోయింది.
పదకొండు తెరలూ ఒక్క దెబ్బన నల్లబడ్డాయి.
సేవ్ చెయ్యడం వచ్చేవారం పాఠం.

మార్చిలో హాజరుపట్టీ జిల్లాకి వెళ్లింది,
ఇరవై మూడు పేర్లలో తొమ్మిది మారి.
ఎనిమిదో రోజుకి తిరిగొచ్చింది:
"పాత రికార్డులతో పేర్లు సరిపోలడం లేదు.
సరిచేసి పంపగలరు."

ఆ సాయంత్రం అందరూ వెళ్లాక
బురుల్ ఎజె ఒక్కతే ముసుగు తీసింది.
రెండు వేళ్లతో, చాలాసేపు పట్టింది.
"సరిచేసే పంపాను."
దాని కింద ఇంటిపేరు,
గీతతో.